వాకిలి కాచేది ఎవరి పని?

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోని యూదుల ప్రస్తావన వస్తే బెజవాడలో చదువుకున్నవాళ్ళు చెప్పే మాట దాదాపు ఒకటే. ప్రపంచమంతా యూదులను తరిమిందేమో గానీ మన దేశం తరమలేదు. కొచ్చిన్ రాజు తన కోట పక్కనే స్థలమిస్తే 1568లో అక్కడ యూదుల ప్రార్థనా మందిరం, సినగాగ్ లేచింది. బొంబాయిలో బెనె ఇజ్రాయెల్ యూదు కుటుంబాలు తరాలుగా గౌరవంగా బతికాయి. అలాంటి నేల మీద ప్రార్థనా మందిరం వాకిట్లో సొంత మనుషులను నిలబెట్టి, వచ్చినవాడినల్లా ఎవరు, ఏమిటి అని అడగడం యూరప్ నుంచి అరువు తెచ్చుకున్న భయం. నిజంగా ప్రమాదం ఉంటే పోలీసులున్నారు. మతానికో కాపలా దళం పుట్టిందంటే రేపు వీధికో సేన తయారవుతుంది. పైగా నలభై కుటుంబాల కోసం ఇంత హడావుడా?

ఈ మాట అనేవాళ్ళు యూదులకు శత్రువులు కారు. చాలామంది దేశం మీద ప్రేమతోనే అంటారు. అందులో చరిత్ర పరంగా కాదనలేని భాగమూ ఉంది. కాబట్టి తోసిపారేయకుండా, ఒక్కో ముక్కా విడదీసి చూడాల్సిన వాదన ఇది. అలా చూసినప్పుడు కాపలా వద్దనడానికి ఏ ముక్కా చాలదు.

1. ‘మన దగ్గర యూదు ద్వేషం లేదు’

నిజమే, తెలుగు నేల మీద యూదులను వెలివేసిన శాసనం గానీ, వాళ్ళ ఇళ్ళు తగలబెట్టిన గుంపు గానీ లేదు. ఇక్కడున్నది ద్వేషం కన్నా తెలియనితనం. 1997లో చిరంజీవి సినిమాకు ‘హిట్లర్’ అని పేరు పెడితే ఎవరికీ ఏమీ అనిపించలేదు. చెల్లెళ్ళను కట్టడిలో పెంచే అన్నయ్యకు అది ముద్దుపేరైంది.

తిరకాసు ఆ తర్వాతి అడుగులో ఉంది. ‘ఇరుగుపొరుగుకు ద్వేషం లేదు’ అన్న మాట నుంచి ‘ప్రమాదం లేదు’ అన్న తీర్పుకు ఒక్క గెంతు గెంతుతారు. దాడి చేసేవాడు ఇరుగుపొరుగువాడే అయివుండాలని ఎవరు చెప్పారు? 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలోని యూదుల ఛబాద్ కేంద్రం నారిమన్ హౌస్‌లోకి తుపాకులతో దూరినవాళ్ళు కొలాబా వీధుల్లో పెరిగినవాళ్ళు కారు. కరాచీ నుంచి సముద్రం మీద వచ్చారు. రబ్బీ గావ్రియెల్ హోల్ట్‌జ్‌బర్గ్, ఆయన భార్య రివ్కా సహా ఆరుగురు ఆ ఇంట్లో చనిపోయారు. రెండేళ్ళ పిల్లవాడు మోషేను చంకనెత్తుకుని బయటపడింది వాళ్ళింట్లో పనిచేసే భారతీయురాలు, ఆయా సాండ్రా శామ్యూల్. ఆ వీధిలో యూదులంటే ఎవరికీ పగ లేదు. దానివల్ల ఆ ఆరుగురికి ఒరిగిందేమీ లేదు. ఆ దాడికి ముందు రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ మరుసటి ఏడాది మళ్ళీ భారతదేశం వచ్చి వేర్వేరు ఊళ్ళలో ఛబాద్ హౌస్‌లను పరిశీలించి వెళ్ళినట్టు తర్వాత తేలింది.

కోస్తా ఆంధ్రకే వద్దాం. 2000 జూన్ 8న ఒంగోలులో జ్యూయెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చిలోనూ, తాడేపల్లిగూడెంలో ఒక కథోలిక చర్చిలోనూ బాంబులు పేలాయి. ముందురోజు దాకా ఒంగోలులో బాప్టిస్టులంటే ఎవరికి పగ? అమెరికన్ మిషనరీల కాలం నుంచి ఊరితో కలిసి పెరిగిన సంఘమది. దర్యాప్తులో అది దీన్‌దార్ అంజుమన్ అనే సంస్థ మనుషుల పనిగా బయటపడింది. 2001లో కేంద్రం ఆ సంస్థను నిషేధించింది. హిందువులకూ క్రైస్తవులకూ మధ్య చిచ్చు పెట్టడం వాళ్ళ ఎత్తు. అంటే ఆ ఊరి సామరస్యమే వాళ్ళ గురి. ‘మా ఊళ్లో అందరం కలిసే ఉంటాం’ అన్న మాట అక్కడ రక్షణ కాలేదు సరికదా, దాడికి కారణమైంది.

యూదుల విషయంలోనూ ఇదంతా ఊహ కాదు. కొత్తరెడ్డిపాలెం పేరు ఉగ్రవాద వార్తల్లోకి 2004లోనే ఎక్కింది. లష్కరే తొయిబాతో సంబంధాలున్నాయన్న అనుమానంతో పట్టుబడినవాళ్ళ పథకాల్లో గుంటూరు జిల్లా యూదు కుటుంబాలు కూడా ఉన్నాయని అప్పటి పత్రికలు రాశాయి. ఆ వార్త ఎంతమందికి గుర్తుంది?

ఇక ‘ఇదంతా ఎక్కడో జరిగేది’ అనేవాళ్ళకు ఒక చేదు నిజం. 2025 డిసెంబరు 14న సిడ్నీ బోండై బీచిలో యూదుల హనుక్కా పండుగ వేడుకపై కాల్పులు జరిపి 15 మందిని చంపిన తండ్రీకొడుకుల్లో తండ్రి హైదరాబాదువాడు. 1998లో ఆస్ట్రేలియా వెళ్ళాడని తెలంగాణ పోలీసులే చెప్పారు. అతను ఆ దారి పట్టడానికి ఇక్కడితో సంబంధం కనిపించలేదని కూడా వాళ్ళే చెప్పారు. ఆ రెండో మాటను వదిలేసి మొదటిదాన్ని పట్టుకుని ఊగడం అన్యాయం. కానీ ద్వేషానికి దేశపు సరిహద్దు తెలియదని రెండు మాటలూ కలిపే చెబుతున్నాయి. ఆ రోజు ఒక దుండగుడి చేతిలోంచి తుపాకీ లాక్కున్నది సిరియాలో పుట్టిన ముస్లిం పళ్ళ వ్యాపారి అహ్మద్ అల్ అహ్మద్. యూదుల భద్రత అనగానే అది ముస్లింల మీద అనుమానమని అర్థం చేసుకునేవాళ్ళు ఈ సంగతీ గుర్తుంచుకోవాలి.

2. ‘అసలు వాళ్ళు యూదులేనా?’

పైకి గట్టిగా అనరు గానీ, చాలామంది మనసులో ఉన్నది ఇదే. బెజవాడ గుణదల నుంచి కృష్ణ దాటి, గుంటూరు మీదుగా నాలుగు ముఖాల బ్రహ్మ గుడి ఉన్న చేబ్రోలు వైపు వెళ్తే కొత్తరెడ్డిపాలెం వస్తుంది. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ముల చొరవతో 1991లో అక్కడ సినగాగ్ వెలిసింది. బెనె ఎఫ్రాయిము అని పిలుచుకునే ఈ కుటుంబాలు మాదిగ కులానివి. అంతకుముందు క్రైస్తవులు. చాలామంది వ్యవసాయ కూలీలు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని వాళ్ళ నమ్మకం. మణిపూర్, మిజోరం బ్నెయ్ మెనషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. వీళ్ళకు అలాంటి గుర్తింపు దక్కలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీళ్ళ మీద ఒక పుస్తకమే రాశారు. వంశం సంగతి పండితులు తేల్చుకోనివ్వండి. ‘ఇజ్రాయెల్ వెళ్ళడానికి భయాన్ని వాడుకుంటున్నారు’ అన్న ఎత్తిపొడుపు మాత్రం భద్రత చర్చలో పనికిరాదు.

ఎందుకో చెప్పడానికి కాన్సస్ వెళ్ళాలి. 2014 ఏప్రిల్ 13న ఓవర్లాండ్ పార్క్‌లో యూదుల కమ్యూనిటీ సెంటర్ దగ్గరా, యూదుల వృద్ధాశ్రమం దగ్గరా ఒక శ్వేతజాతి ఉన్మాది ముగ్గురిని కాల్చి చంపాడు. యూదులను చంపాలనే వచ్చాడు. చనిపోయిన ముగ్గురిలో ఒక్కరూ యూదులు కారు, ముగ్గురూ క్రైస్తవులే. మూడేళ్ళు తిరక్కముందే, 2017 ఫిబ్రవరి 22న, అదే కౌంటీలోని ఒలేథ్‌లో మన హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు బార్‌లో కాల్చి చంపాడు. ఇరానియన్ అనుకున్నాడట. ద్వేషం చూసేది బోర్డును, ఒంటి రంగును. వంశవృక్షాన్ని కాదు. కొత్తరెడ్డిపాలెం మందిరం మీద హీబ్రూ అక్షరాలు కనిపించినంత కాలం, లోపలున్నవాళ్ళు యూదులని రబ్బీలు ఒప్పుకున్నారా లేదా అన్నది దాడికి వచ్చేవాడికి అక్కర్లేదు. అంటే గుర్తింపు వల్ల వచ్చే లాభం ఒక్కటీ వీళ్ళకు లేదు, దానితో వచ్చే ప్రమాదం మాత్రం ఉంది.

‘నలభై కుటుంబాలకేనా’ అన్న ప్రశ్న కూడా ఇక్కడే తేలిపోతుంది. తక్కువమంది ఉన్నచోట ప్రభుత్వం శాశ్వతంగా పికెట్ పెట్టదు. పెట్టమని అడగడమూ న్యాయం కాదు. కానీ తక్కువమంది ఉన్నచోటే కొత్త ముఖం ఇట్టే తెలిసిపోతుంది. వాలంటీరు కాపలాకు అంతకన్నా అనువైన చోటు ఉండదు.

3. ‘కాపలా పోలీసుల పని’

అన్నిటికన్నా బలంగా వినిపించేది ఈ వాదనే. పౌరుడి ప్రాణం కాపాడటం రాజ్యం బాధ్యత, దాన్ని పౌరుడి నెత్తిన పెట్టడం రాజ్యాన్ని తప్పించడమేనని అంటారు. సూత్రంగా చక్కటి మాట. అయితే బాధ్యత ఎవరిదన్నది ఒక ప్రశ్న, మొదటి ఐదు నిమిషాల్లో అక్కడ ఉండేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి చెప్పినట్టు నటించడం ఈ వాదనలోని మోసం.

2019 అక్టోబరు 9, జర్మనీలోని హాలె పట్టణం. యోమ్ కిప్పూర్, అంటే యూదుల ప్రాయశ్చిత్త దినం. సినగాగ్‌లో 50 మందికి పైగా ఉన్నారు. బయట ఒక్క పోలీసు లేడు. లోపల సంఘం మనిషి ఒకరు కెమెరా తెర చూస్తున్నారు. తుపాకీతో వస్తున్నవాడిని చూడగానే తలుపులు బిగించారు. దుండగుడు ఆ తలుపు మీద ఎంత కాల్చినా తెరుచుకోలేదు. ఆ కసితో బయట దారినపోతున్న ఒక మహిళను, కబాబ్ దుకాణంలో ఒక యువకుడిని చంపాడు. లోపలివాళ్ళు బతికింది ఒక దళసరి తలుపు వల్ల, ఒక కెమెరా వల్ల, దాన్ని చూస్తూ కూర్చున్న ఒక మనిషి వల్ల. జర్మనీ పోలీసు వ్యవస్థ చేతకానిదని ఎవరూ అనరు. అయినా ఆ క్షణంలో వాళ్ళక్కడ లేరు.

2015 ఫిబ్రవరిలో కోపెన్‌హాగెన్‌ది ఇంకో కథ. మధ్యాహ్నం ఒక కెఫే మీద దాడి జరిగింది. దాంతో పెద్ద సినగాగ్ దగ్గరకు పోలీసులు వచ్చారు. లోపల ఒక అమ్మాయి బాత్ మిత్స్వా వేడుకలో 80 మంది దాకా ఉన్నారు. గేటు దగ్గర 37 ఏళ్ళ డాన్ ఉజాన్ నిలబడ్డాడు. జీతగాడు కాదు, సంఘం తరఫున వాలంటీరు. అర్ధరాత్రి దాటాక వచ్చినవాడు అతన్ని కాల్చి చంపాడు. ఇద్దరు పోలీసులు గాయపడ్డారు. దుండగుడు లోపలికి వెళ్ళలేకపోయాడు. ఇక్కడ పోలీసులూ ఉన్నారు, వాలంటీరూ ఉన్నాడు. రెండూ ఒకదాని బదులు ఇంకొకటి కాదని ఇంతకన్నా ఎలా చెప్పాలి? 2025 అక్టోబరు 2న మాంచెస్టర్ హీటన్ పార్క్ సినగాగ్ మీద దాడి జరిగినప్పుడు కూడా కాపలావాళ్ళు, ప్రార్థనకు వచ్చినవాళ్ళు కలిసి తలుపులకు అడ్డం పడి దుండగుణ్ణి బయటే ఆపారు. సాయుధ పోలీసులు కొద్ది నిమిషాల్లోనే వచ్చి అతన్ని కాల్చేశారు. ఇద్దరు భక్తులు చనిపోయారు. వాళ్ళలో ఒకరు తలుపు పట్టుకుని నిలబడగా పోలీసు తూటా తగిలే పోయారు. పోలీసులు అంత వేగంగా వచ్చిన చోటే ఇలా ఉంటే, రాని చోట?

మన దగ్గరకొస్తే ఈ వాదనకు మొహం చెల్లదు. 1991 ఆగస్టు 6న, కొత్తరెడ్డిపాలెంలో సినగాగ్ వెలిసిన ఏడాదే, అదే గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. అప్పటికే ఊళ్లో పోలీసు బలగం ఉంది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. చుండూరుకు ఆరేళ్ళ ముందు కారంచేడులో చంపింది మాదిగలనే. ఆ మారణకాండలోంచే దళిత మహాసభ పుట్టింది. మాదిగ పల్లెలో పుట్టిన మనిషికి ‘పోలీసులున్నారు కదా, నీకెందుకు’ అని చెప్పేవాడు ఆ ప్రాంతపు చరిత్ర తెలియనివాడైనా అయివుండాలి, తెలిసీ మరిచిపోయే వీలున్నవాడైనా అయివుండాలి. పోలీసుల మీద నమ్మకం పోవాలని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఆ నమ్మకం ఒక్కదాని మీదే పిల్లల ప్రాణాలు పెట్టమని ఎవరినీ అడగలేమని మాత్రమే.

4. ‘ఇవాళ కాపలా, రేపు సేన’

ఈ భయానికి ఆధారం లేకపోలేదు. 1946లో లండన్‌లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన యూదు సైనికులు ‘43 గ్రూపు’ పెట్టి, బ్రిటిష్ ఫాసిస్టు నేత మోస్లీ అనుచరుల సభల్లోకి చొరబడి తన్ని చెదరగొట్టేవాళ్ళు. 1968లో న్యూయార్కులో మేయిర్ కహానె పెట్టిన జ్యూయిష్ డిఫెన్స్ లీగ్ బాంబుల దాకా వెళ్ళింది. మన దేశంలో మతం పేరుతో తిరిగే ‘రక్షక’ దళాలు ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు.

మరి అదే బ్రిటన్‌లో తర్వాత ఏమైంది? 1994లో కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్ ధార్మిక సంస్థగా నమోదైంది. ఇవాళ దాని వాలంటీర్లు రెండు వేలకు పైనే. చేతిలో ఆయుధం ఉండదు. ముందు శిక్షణ, తర్వాతే డ్యూటీ. పోలీసులతో కలిసి పనిచేస్తారు, జరిగిన ప్రతి దూషణనూ దాడినీ నమోదు చేసి ఏటా లెక్క బయటపెడతారు. 2023లో ఆ లెక్క నాలుగు వేలు దాటింది. యూదుల బడులకు, సినగాగ్‌లకు కాపలా ఖర్చు కోసం 2015 నుంచి బ్రిటిష్ ప్రభుత్వమే డబ్బిస్తోంది. సభలు చెదరగొట్టే గుంపు స్థానంలో తలుపు దగ్గర నిలబడే మనిషి వచ్చాడు. తేడా వాళ్ళ మంచితనంలో లేదు, నిబంధనల్లో ఉంది. ఇక్కడ పెట్టుకోవాల్సిన నిబంధనలు నాలుగు. వాకిలి దాటి వీధిలోకి వెళ్ళకూడదు. ఎవరినీ వెంటపడి పట్టుకోకూడదు. ఆయుధం పట్టకూడదు. పేరు పోలీసుల దగ్గర ఉండాలి. ఈ నాలుగూ ఉన్నచోట సేన తయారవదు. ఇవి లేని గుంపు ఏ మతానిదైనా వెంటనే మూసేయాల్సిందే.

అసలు ఈ మాట అనేవాళ్ళు గుణదల కొండ దగ్గర ఎందుకు నోరు మూసుకుంటారు? 1924లో ఆర్లాటి ఫాదరు ఆ కొండ గుహలో మరియమాత స్వరూపం నిలిపింది మొదలు అక్కడికి జనం వస్తూనే ఉన్నారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల మంది వస్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. అందులో సగంమంది క్రైస్తవులు కూడా కారనిపిస్తుంది. పోలీసులు వందల్లో ఉంటారు. అయినా మెట్ల మీద క్యూ నడిపేది, తప్పిపోయిన పిల్లవాడిని మైకు దగ్గరకు తీసుకెళ్ళేది, ఎవరో వదిలేసిన సంచి గురించి కానిస్టేబుల్ చెవిన వేసేది విచారణల (పారిష్‌ల) నుంచి వచ్చిన కుర్రాళ్ళు, ఆడపిల్లలు. మెళ్ళో బ్యాడ్జీ, చేతిలో తాడు. ఎవరూ వాళ్ళను ‘మరియమాత సేన’ అనలేదు. దాన్ని సేవ అన్నారు. ఇంద్రకీలాద్రి మీద దసరాకు నిలబడే సేవకులనూ అలాగే అన్నారు. లక్షల మంది ఉన్నచోట సేవ అయిన పని, నలభై కుటుంబాలు ఉన్నచోట అనుమానం ఎలా అవుతుంది? సంఖ్య తప్ప రెంటి మధ్య ఇంకో తేడా ఉంటే ఆ విమర్శకులు చూపించాలి.

5. ‘దేవుడి ఇల్లు కోట అయిపోతుంది’

చివరిది కాస్త సుకుమారమైన అభ్యంతరం. అతిథిని అనుమానించే చోట భక్తి నిలవదంటారు. డాలస్ దగ్గర కోలీవిల్ సినగాగ్‌లో 2022 జనవరి 15న జరిగింది వీళ్ళ కోసమే చెప్పాలి. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఆ రోజు టీవీ ముందు కూర్చున్న సంగతి గుర్తుండే ఉంటుంది. చలిలో తలుపు తట్టిన ఒక అపరిచితుడిని రబ్బీ చార్లీ సైట్రాన్ వాకర్ లోపలికి రమ్మని టీ పెట్టి ఇచ్చారు. కాసేపటికి ఆ మనిషి తుపాకీ తీసి నలుగురిని బందీలుగా పట్టుకున్నాడు. సుమారు పదకొండు గంటల తర్వాత, రబ్బీ అతని మీద కుర్చీ విసిరి మిగిలినవాళ్ళతో బయటికి పరిగెత్తారు. అలా బయటపడటానికి అంతకుముందు తీసుకున్న భద్రతా శిక్షణే సాయపడిందని ఆయనే చెప్పారు. టీ ఇచ్చిన చెయ్యీ, కుర్చీ విసిరిన చెయ్యీ ఒకటే. ఆతిథ్యం, అప్రమత్తత ఒకే మనిషిలో ఇమిడాయి. ఇమడవని చెప్పేవాళ్ళు ఆయనకు చెప్పి చూడాలి.

పిట్స్‌బర్గ్‌లో 2018 అక్టోబరు 27న 11 మంది చనిపోయిన ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో ఆ రోజు గుమ్మం దగ్గర కాపలా లేదు. రబ్బీ జెఫ్రీ మయర్స్ జేబులో మాత్రం సెల్‌ఫోన్ ఉంది. విశ్రాంతి దినాన ఫోన్ పట్టుకోవడం ఆచారానికి విరుద్ధం. అయినా దగ్గర ఉంచుకోమని యూదు సంఘాల భద్రతాధికారి ఆయనను ముందే ఒప్పించాడు. పోలీసులకు ఫోన్ చేసింది ఆ సెల్‌తోనే. ప్రాణం నిలిపేందుకు విశ్రాంతి దినపు నియమం పక్కన పెట్టొచ్చని యూదు ధర్మమే చెబుతుంది. ధర్మశాస్త్రం అంత సర్దుకున్నప్పుడు, బయట నిలబడి చూసేవాళ్ళకు ఆధ్యాత్మికత గురించి ఇంత బెంగ ఎందుకో అర్థం కాదు.

ఇక చేయాల్సిన పని పెద్దదేమీ కాదు, కోట్లూ అక్కర్లేదు. శనివారం ఆరాధన జరిగేటప్పుడు వంతులవారీగా ఇద్దరు బయట కూర్చోవాలి. లోపలి నుంచి బిగించుకునే గట్టి తలుపు, వెనకవైపు ఇంకో దారి, ఒక కెమెరా ఉండాలి. చేబ్రోలు స్టేషన్‌లో ఫోన్ ఎత్తే ఒక అధికారి పేరు, నంబరు ఆ ఇద్దరికీ తెలియాలి. ఏడాదికి రెండుసార్లు గుంటూరు జిల్లా పోలీసులు సగం రోజు శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణ ఒక్క యూదులకే పరిమితం చేయకూడదు. ఒంగోలు చర్చికీ, 2007 మే 18న శుక్రవారం నమాజు వేళ బాంబు పేలిన హైదరాబాదు మక్కా మసీదుకూ వర్తించిన ప్రమాదమే కాబట్టి చిన్న చర్చిలను, మసీదులను, ఊరి గుళ్ళను కూడా పిలవాలి. గుణదల ఉత్సవాల్లో ఏళ్ళ తరబడి జనాన్ని నడిపి చేయి తిరిగిన వాలంటీర్లు బెజవాడలోనే ఉన్నారు. వాళ్ళలో నలుగురు ఒక ఆదివారం కొత్తరెడ్డిపాలెం వెళ్ళి తమకు తెలిసింది నేర్పితే కావాల్సిన పనిలో సగం అయినట్టే. కథోలిక మేత్రాసనం, గుంటూరు జిల్లా ఎస్పీ కలిసి వచ్చే ఫిబ్రవరి లోపే దీన్ని మొదలుపెట్టాలి.